పప్పుగుత్తి, పాలపొడి డబ్బా, మా చిట్టి

జూన్ 9, సోమవారం

అమ్మాయి ఈ రోజు మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆఫీసు విశాఖ ద్వారకానగర్‌లో. మేముండే కూర్మన్నపాలెం నుంచి పొద్దున పూట బస్సులో గంట పైమాటే. పదహారు నెలల మనవరాలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇక మా ఇద్దరి దగ్గరే. దాన్ని ఇంట్లో చిట్టి అంటాం. ఇక్కడా అలాగే రాస్తాను.

గుమ్మం దాటబోతూ అమ్మాయి ఒకే మాట చెప్పింది. "నాన్నా, ఏడిస్తే ఏడవనీ గానీ ఫోన్ మాత్రం చేతికివ్వకు." ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే. ఏడాది పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండేళ్ల వాళ్లకి కూడా రోజుకి గంట దాటకూడదు. పైగా ఏడాది నిండిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలిస్తూ ఆడాలి.

ఉక్కు ఫ్యాక్టరీ మెషిన్ షాపులో ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాను. ఏ జాబ్ మొదలుపెట్టినా లాగ్‌బుక్కులో రాయడం అలవాటు. ఏం మెటీరియల్, ఏం కొలత, ఎక్కడ తేడా వచ్చింది, ఎలా సరిచేశాం. ఈ జాబ్‌కి కూడా ఒక నోటుపుస్తకం తీశాను. నియమం ఒక్కటే: ఆటకోసం కొత్తగా ఏదీ కొనకూడదు. ఇంట్లో ఉన్నదానితోనే.

మొదటి రోజు ఏమీ చెయ్యలేదు. కూర్చుని చూశానంతే. మొదటి పుట్టినరోజుకి వచ్చిన బొమ్మలు బుట్టనిండా ఉన్నాయి. బటన్ నొక్కితే పాడే ఏనుగు, చక్రాల కారు. చిట్టి వాటివైపు వెళ్లలేదు. వంటింట్లోకి పాకుతూ, నడుస్తూ వెళ్లి కింది అరలోంచి గిన్నెల మీద మూతలు ఒక్కొక్కటే తీసింది. తీసి, మళ్లీ అరలో పెట్టింది. మళ్లీ తీసింది. పదకొండు నిమిషాలు. ఏనుగు దగ్గర అర నిమిషం కూడా నిలబడలేదు.

జూన్ 10

పని మొదలుపెట్టే ముందు గేజ్, అంటే కొలిచి చూసే సాధనం, కావాలి. చిన్న పిల్లలకి దొరికింది ప్రతిదీ నోటికే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి వాడే గొట్టం లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నేను ఇంకాస్త గట్టి కొలతే తీసుకున్నాను. మేడమీద నీళ్ల ట్యాంకుకి వేసినప్పుడు మిగిలిన పీవీసీ పైపు ముక్క ఉంది. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పనిముట్టు) పెడితే లోపల 36 మిల్లీమీటర్లు చూపించింది. బెత్తెడు ముక్క కోసి అంచులు ఆకురాయితో రాశాను. దీంట్లోంచి జారిపడే వస్తువేదీ చిట్టి చేతికి వెళ్లదు. మెషిన్ షాపులో గో, నో-గో గేజ్ అంటాం కదా, అదే.

ఇంట్లో ఉన్న సామానంతా ఒక్కొక్కటే పైపులో వేసి చూశాను. నీళ్ల సీసా మూత 30, జారిపోయింది. చాలామంది పిల్లలకి ఆడుకోమని ఇచ్చేది అదే! ఇరవై లీటర్ల క్యాను మూత పైపు మీదే ఆగింది. బట్టల క్లిప్పు పొడవుగా ఉన్నా సన్నగా ఉండడంతో జారిపోయింది, పైగా స్ప్రింగు ఊడితే మొన. చింతగింజలు, గవ్వలు చెప్పక్కర్లేదు. నిమ్మకాయలు డజనులో తొమ్మిది ఆగాయి, మూడు జారాయి. ఆ మూడూ రసానికి పోయాయి.

గేజ్‌తో పని లేకుండానే పక్కన పెట్టినవి: రిమోట్‌తో సహా బటన్ బ్యాటరీ ఉన్న ప్రతిదీ, బెలూన్లు, ప్లాస్టిక్ కవర్లు. బటన్ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. అవి ఇంట్లో ఎన్ని ఉన్నాయో వెతికితే మూడు తేలాయి. మూడూ బీరువా పైకెక్కాయి.

జూన్ 12

మొదటి జాబ్ పూర్తయింది. పాలపొడి డబ్బా, ప్లాస్టిక్ మూత. మూతకి క్యాను మూత నిలువుగా దూరేంత చీలిక కోశాను. బ్లేడుతో కోసిన ప్లాస్టిక్ అంచు వేలికి గీరుకుంటుంది. ఆకురాయి పట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, చివరికి నా నాలుక మీద రాసి చూసుకున్నాను. చర్మానికి తెలియని గరుకు నాలుకకి తెలుస్తుంది. డబ్బా నోటి దగ్గర రేకు అంచుకి రెండు పొరలు టేపు చుట్టాను. చీలికలో వెయ్యడానికి క్యాను మూతలు ఆరు.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏటండీ, పొద్దున్నించి ఆ డబ్బాతో కుస్తీ? పిల్ల ఇటు చూడనైనా చూడ్డం లేదు."

చూసింది. నేను ఒక మూత చీలికలో వేశాను. టంగుమని రేకు మోగింది. చిట్టి ఆడుతున్నది ఆపేసింది. దగ్గరికొచ్చి డబ్బాలో చెవి పెట్టబోయింది. తర్వాత ఒక మూత తీసుకుని చీలిక మీద అడ్డంగా పెట్టింది. పడలేదు. నొక్కింది. పడలేదు. చేత్తో మూతని అటూ ఇటూ జరిపింది. అడ్డంగా ఉన్న మూత నిలువుకి రావాలంటే మణికట్టు తిప్పాలి. ఆ తిప్పుడే దానికింకా తెలియదు.

నేను ఉండబట్టలేక దాని చెయ్యి పట్టుకుని తిప్పాను. పడింది. మళ్లీ ఇంకొకటి అలాగే వేయించాను. మూడోది వేయించబోతే చెయ్యి లాక్కుని లేచి వెళ్లిపోయింది. ఆ రోజంతా డబ్బా మొహం చూడలేదు.

జూన్ 16

నాలుగు రోజులు డబ్బా సోఫా పక్కనే ఉంచాను. ఏమీ అనలేదు, ఏమీ చూపించలేదు. ఈ రోజు పొద్దున ఇడ్లీ తిన్నాక తనే వెళ్లి కూర్చుంది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. నిజంగానే పెట్టుకున్నాను, లేకపోతే అవి ఊరుకోవు.

మూత అడ్డంగా పెట్టింది. కొట్టింది. ఎడమ చేతికి మార్చింది. నోట్లో పెట్టుకుని తీసింది. మళ్లీ పెట్టింది. అప్పుడు మోచెయ్యి కాస్త పైకి లేచింది, దాంతోపాటు మణికట్టు తిరిగింది, మూత నిలువుకి వచ్చి సగం చీలికలో దిగింది. అక్కడ ఆపి నావైపు చూసింది. నేను నవ్వాను గానీ మాట్లాడలేదు. అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. టంగ్!

ఆ తర్వాత ఇరవై ఆరు నిమిషాలు. ఆరు మూతలూ వెయ్యడం, డబ్బా నాకివ్వడం, నేను మూత తీసి బోర్లించడం, మళ్లీ వెయ్యడం. వెయ్యడం నేర్చుకున్నాక కూడా మానలేదు. నేర్చుకోవడానికి చేసిందనుకున్నాను, కాదు. వచ్చింది కాబట్టే చేసింది.

రాత్రి అమ్మాయికి చెబితే, బ్రిటన్‌లో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆవిడ (1910–2009) జీవితమంతా ఈ పనిమీదే ఉండిందని చెప్పింది. కూర్చోవడం వచ్చిన పసిపిల్లల ముందు ఇంటి సామాను నింపిన బుట్ట పెట్టమన్నది ఆవిడే. చెక్కవి, లోహపువి, గుడ్డవి ఉండాలి, ప్లాస్టిక్ బొమ్మలు మాత్రం వద్దు. నడక వచ్చిన పిల్లలకైతే డబ్బాలు, గొట్టాలు, గొలుసులు, మూతలు, ఒక్కో రకం బోలెడన్ని ఇవ్వాలంది. పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి గానీ నేర్పకూడదు, మెచ్చుకోలు మాటలతో మధ్యలో తలదూర్చకూడదు. షాపులో కొత్తగా చేరిన అప్రెంటిస్ వెనక నిలబడి మేమూ అంతే చేసేవాళ్లం. చెయ్యి తెగేలా ఉంటేనే నోరు తెరవాలి.

జూన్ 19

మా ఆవిడ కనిపెట్టిన ఆట ఇది. దీనికి సామాను ఒక చెమ్చా చాలు. "ఇందా" అని చెమ్చా ఇస్తుంది. చిట్టి తీసుకుంటుంది. తర్వాత అరచెయ్యి చాచి "ఇయ్యి" అంటుంది. చిట్టి ఆలోచించి చేతిలో పెడుతుంది. వెంటనే మళ్లీ "ఇందా". ఇచ్చిన వస్తువు తిరిగొస్తుందని దానికి నమ్మకం కుదిరే దాకా లాక్కోకూడదన్నది ఆవిడ పెట్టిన షరతు. ఉప్పు డబ్బా మూత, అప్పడాల కర్ర, నా కళ్లజోడు పెట్టె, అన్నిటితోనూ ఆడుతున్నారు.

జూన్ 23

వర్షం రాలేదు. ఉక్కపోత. సముద్రపు గాలి కూడా ఆగిపోయింది, ఒంటిమీద చొక్కా అంటుకుపోతోంది. ఇలాంటి రోజు నీళ్ల ఆటే సరైనది.

పెరటి గచ్చు మీద వెడల్పాటి స్టీలు బేసిన్, అందులో రెండు చెంబుల నీళ్లు. వేలు ముంచితే రెండో కణుపు దాకా రాలేదు. ఈ లోతు గురించి రాసి తీరాలి. రెండు అంగుళాల నీళ్లు పసిబిడ్డ మునగడానికి సరిపోతాయి. తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి వంగితే తిరిగి లేవలేరు. అందుకని ఆట సాగినంతసేపూ నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చుంటాను. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ మోగినా లేవను, లేస్తే పిల్లని ఎత్తుకునే లేస్తాను. ఆట అవగానే బేసిన్ బోర్లించాలి. బాత్రూంలో బకెట్లు కూడా ఖాళీగా, బోర్లించే ఉంచుతున్నాం.

ఇచ్చిన సామాను: టీ గ్లాసు, పులుసు గరిట, టీ వడకట్టే జల్లెడ, ఇడ్లీ పళ్లెం ఒకటి.

గ్లాసుతో ముంచి పొయ్యడం దానికి ముందే తెలుసు, స్నానం దగ్గర చూసింది. కాసేపు అది చేసింది. గరిటతో ఎత్తితే సగం నీళ్లు దారిలోనే ఒలికిపోతున్నాయి. ఒలికినప్పుడల్లా గరిటలోకి తొంగిచూస్తుంది. అసలు విషయం ఇడ్లీ పళ్లెం దగ్గర జరిగింది. ఇడ్లీ గుంటల్లో అడుగున సన్నని చిల్లులుంటాయి కదా. పళ్లెం నీళ్లలో ముంచి పైకెత్తింది. ప్రతి చిల్లులోంచీ ఒక్కో ధార. కింద చెయ్యి పెట్టింది. ధార చేతి మీద పడింది. చెయ్యి తీసింది. ధార గచ్చు మీద పడి చినుకుల్లా చిందింది. పళ్లెం మళ్లీ ముంచింది. ఈసారి ఎత్తకముందే రెండో చెయ్యి కింద పెట్టి సిద్ధంగా ఉంచింది.

ముందు చూసింది, ఈసారి ముందే ఊహించింది. నేను చూస్తుండగానే ఆ మార్పు జరిగింది. ఎంత పెద్ద సంగతి! గ్లాసులో నీళ్లు నిలబడతాయి, పళ్లెంలో నిలబడవు. ఎవరూ చెప్పలేదు.

35 నిమిషాలు. తర్వాత ఒళ్లు తుడిచి నిమ్మకాయలు తొమ్మిదీ ఇచ్చాను. ఇడ్లీ గుంటల్లో ఒక్కోటి ఒక్కో నిమ్మకాయ కూర్చోబెట్టింది. గుంటకొకటి సరిపోయాక మిగిలినవి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే తిరిగింది. ఒకదాన్ని కొరికి మొహం వికారంగా పెట్టింది. మళ్లీ కొరికింది.

జూన్ 28

పప్పుగుత్తి తలకిందులుగా నిలబెట్టి, పిడికి ప్లాస్టిక్ గాజులు తొడిగించడం. గుత్తి ఒరిగిపోతోంది. నా రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుంటే నిలబడింది. గాజు గాజుల్లేవు, అన్నీ మా ఆవిడ పాత ప్లాస్టిక్‌వి, పగుళ్లు ఉన్నవి తీసేశాను. నాలుగు గాజులు వేసింది. మొదట్లో గాజు పట్టుకున్న చేతినే చూసేది, ఇప్పుడు గుత్తి కొసని చూస్తోంది. ఏడు నిమిషాలు. పర్వాలేదు. ఇంకో నెల పోయాక మళ్లీ ఇస్తాను.

జూలై 3

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే లాగ్‌బుక్ పెట్టి ఏం లాభం?

కిందటి వారం అర లీటరు సీసాలో గుప్పెడు శనగలు పోసి, మూత బిగించి, టేపు చుట్టి గిలక్కాయలా ఇచ్చాను. చిట్టికి బాగా నచ్చింది. రోజూ ఆడేది, టేపు నమిలేది. పొద్దున పూట చేతికిచ్చే ముందు మూత లాగి చూడాలని నేనే రాసుకున్నాను. ఈ రోజు చూడలేదు.

పది గంటలప్పుడు హాల్లో శనగలు నేల మీద రాలిన చప్పుడు. పరిగెత్తాను. సీసా మూత ఒకచోట, శనగలు గదినిండా. చిట్టి మధ్యలో కూర్చుని ఉంది. నోరు మూసుకుని ఉంది. బుగ్గ కదులుతోంది.

నా వేలు దాని నోట్లోకి వెళ్లబోయింది. ఆ క్షణంలో ఆపింది మా ఆవిడ. "వేలు పెట్టకండి, లోపలికి తోసేస్తారు." చిట్టి దగ్గడం లేదు, ఊపిరి మామూలుగానే ఉంది, శనగ ఇంకా నోట్లోనే ఉంది. మా ఆవిడ ఎదురుగా కూర్చుంది. మొహంలో కంగారు కనపడనివ్వలేదు. అరచెయ్యి చాచింది. మామూలు గొంతుతో "ఇయ్యి" అంది.

చిట్టి చూసింది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, నాలుక మీదున్న శనగని తన వేళ్లతో తీసి ఆవిడ చేతిలో పెట్టింది. తర్వాత ఎదురు చూసింది, మళ్లీ "ఇందా" అని ఇస్తుందేమోనని. మా ఆవిడ ఇంకో చేత్తో క్యాను మూత ఇచ్చింది.

రాత్రి అమ్మాయికి దాచకుండా చెప్పాను. ఏమీ అనలేదు. ఏం చెయ్యాలో మళ్లీ ముగ్గురం కూర్చుని చదువుకున్నాం. పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గు రాక, గొంతు పెగలక, ఊపిరి అందకపోతే ఏడాది దాటిన పిల్లని ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వెయ్యాలి. పోకపోతే బొడ్డుకి పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి, బయటపడేదాకా మార్చి మార్చి చెయ్యాలి. ఈలోగా రెండోవాళ్లు 108కి చెయ్యాలి. ఏడాదిలోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు తిప్పకూడదు.

తప్పు ఎక్కడుందో కూడా రాస్తున్నాను. సీసా పైపులో పట్టదు కాబట్టి పాస్ చేశాను. బయట ఉన్నదాన్ని కొలిచాను గానీ లోపల ఉన్నదాన్ని కొలవలేదు. మూత 30 అని నాకు మూడు వారాల ముందే తెలుసు. ఇకమీదట ఏ సీసాలోనూ, ఏ డబ్బాలోనూ గింజ ఉండదు.

జూలై 5

గిలక్కాయకి బదులు దొరికింది. కురిడీ కొబ్బరికాయ. లోపల ఎండిన గుండు ఊడి గలగలమంటుంది, పైన చిప్ప మూసి ఉంటుంది. దేవుడే సీలు వేసిచ్చిన గిలక్కాయ. పీచంతా గీకి, ఎమరీ కాగితంతో నున్నగా చేశాను. ఎత్తి పడేస్తే కాలిమీద పడుతుంది కాబట్టి నేలమీద దొర్లించడానికే. దొర్లుతూ మోగుతుంటే దాని వెనకే పరుగు.

జూలై 9

సింహాచలం గిరి ప్రదక్షిణ. రేపు ఆషాఢ పౌర్ణమి. మా ఆవిడ వీధిలో ఆడవాళ్లతో కలిసి మధ్యాహ్నమే వెళ్లింది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, తెల్లవారేదాకా నడక. సాయంత్రం అమ్మాయి వచ్చేదాకా చిట్టీ నేనే.

వారం నుంచి చిట్టి పని మారింది. డబ్బాలో వెయ్యడం తగ్గింది. ఇప్పుడు మోత. హాల్లో వస్తువు వంటింట్లోకి, వంటింట్లోది మంచం మీదికి. ఉల్లిపాయలు మూడు నా చెప్పుల పక్కన తేలాయి. మొదట చిందరవందర చేస్తోందనుకుని సర్దుతూ వచ్చాను. సర్దడం మానేసి చూస్తే అర్థమైంది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి చేర్చడమే ఆ పని. దానికి కావలసింది బండి.

మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఉంది. పిన్నులన్నీ పీకేశాను. అంచులు లోపలికి మడిచి మైదా జిగురుతో అతికించాను. అడుగున పాత దుప్పటి ముక్క కుట్టాను, గచ్చు మీద జారడానికి. తాడు కట్టలేదు. లాగే తాడు బారెడుంటే మెడకి చుట్టుకుంటుంది, జానెడుంటే దేనికీ పనికిరాదు. తొయ్యడమే మంచిది.

చోడవరం దగ్గర మా ఊళ్లో ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలు రెండింటికి ఇరుసుపుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. ఎవరూ చేసిచ్చేవాళ్లు కాదు. పెద్ద గుంటలు (మా వైపు పిల్లల్ని అలాగే అంటారు) చేస్తుంటే చిన్న గుంటలం చూసేవాళ్లం. ఒకరోజు పంగలకర్ర మనమే వెతుక్కునేవాళ్లం. చిట్టి పెట్టె తోస్తుంటే ఆ ఇరుసు కిర్రుమనే చప్పుడు చెవుల్లో వినిపించింది.

ఖాళీ పెట్టె ముందుకు తోస్తే తేలిగ్గా పోయి గోడకి కొట్టుకుంటోంది, చిట్టి బోర్లా పడుతోంది. నాలుగు కిలోల బియ్యం సంచీ మూతి కుట్టి అడుగున పెట్టాను. ఇప్పుడు బరువుగా, నిదానంగా కదులుతోంది. ఒళ్లంతా పెట్టి తోస్తోంది, కాలి వేళ్లు నేలకి తన్నిపెట్టి. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి పద్నాలుగు సార్లు. చెమటలు కారిపోయాయి, మధ్యాహ్నం పక్కమీద వెయ్యగానే నిద్రపోయింది. బయట వాన మొదలైంది. కొండ చుట్టూ నడుస్తున్నవాళ్లంతా తడుస్తూ ఉంటారు.

జూలై 18

పాత చీర జానెడు జానెడు చదరపు ముక్కలు. ఖాళీ టిష్యూ పెట్టెలో కుక్కి, ఒక కొస బయటికి వదిలితే లాగుతుంది. ముక్కలు ఒకదానికొకటి ముడెయ్యలేదు, మెడకి చుట్టుకునే పొడవు రాకూడదు. లాగడం ఒక నిమిషం, తిరిగి కుక్కడం పది నిమిషాలు. జరీ అంచు ముక్క మాత్రం బుగ్గకి రాసుకుంటూ పక్కన పెట్టుకుంది.

జూలై 24

వీధి చివర అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి బరువు చూపించడానికి తీసుకెళ్లాను. ఆవిడ దగ్గర నవచేతన పుస్తకం ఉంది. పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏ నెలలో ఏమేం ఆడించొచ్చో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చిన చట్రం అది. 36 నెలలకీ క్యాలెండర్, మొత్తం 140 ఆటలు. చూస్తే మన ఇళ్లలో వస్తువులే, మన ఇళ్లలో మాటలే. నా నోటుపుస్తకం చూపించాను. పైపు ముక్క చూసి, "బాబాయ్‌గారూ, ఇలాంటిది సెంటర్‌కి ఒకటి చేసివ్వండి" అంది. రేపే రెండు కోసివ్వాలి.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు తెచ్చిన ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు ఉంది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకి లక్క అద్ది రంగు పట్టిస్తారు. రంగులు గింజల నుంచి, వేళ్ల నుంచి, బెరళ్ల నుంచి తీస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముప్ఫై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డవాణ్ని, ఆ ఫినిషింగ్ చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పిడతలు, తిరగలి, రోలు. చిన్న పిడతలన్నీ పైపులోంచి జారిపోయాయి. అవి గుజ్జనగూళ్లు ఆడే వయసు పిల్లలకి. తిరగలి ఒక్కటి ఉంచి మిగతావి పై అరలో పెట్టాను.

ఆగస్టు 2 నుంచి 6

జ్వరం. ఏ ఆటా లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని కాళ్లాగజ్జా ఆట, అరచేతిలో వేలు తిప్పడం. జరీ ముక్క చేతిలోంచి వదల్లేదు.

ఆగస్టు 14

ఒంట్లో నెమ్మదించాక కొత్త పని పట్టుకుంది. ఒకదానిలో ఒకటి. పోపు సామాన్ల కోసం వాడే అయిదు స్టీలు డబ్బాల సెట్టు ఇచ్చాను. పెద్దదాన్ని చిన్నదాంట్లో దూర్చాలని బలమంతా పెట్టింది. పట్టదని ఒప్పుకోదు. తిప్పి ఇంకోవైపు నుంచి ప్రయత్నిస్తుంది. కోపం వచ్చి విసిరేసింది. అది విసిరినప్పుడు నాకూ చెయ్యి లేచింది, తీసి సరిగ్గా పెట్టి చూపిద్దామని. ఆగాను.

చేపలమ్మ గంప దించి గుమ్మంలో కూర్చుంది. చిట్టిని చూసి "ఏటి బాబూ, గుంట ఇంత ఎదిగిపోనాది!" అంది. చిట్టి ఆమె గంప మీది మూత చూసింది. లేచి వెళ్లి మూత తీసింది, లోపల చూసింది, మళ్లీ పెట్టింది. వచ్చి డబ్బాల ముందు కూర్చుంది. చిన్నది తీసి పెద్దదాంట్లో వేసింది. గడగడమని అడుగున తిరిగింది. ఆ రెండిటినీ చాలాసేపు చూసింది. మూడోది కూడా వేసింది. గంప మూతకీ దీనికీ ఏం సంబంధమో నేను చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిలువుగా పేర్చడం కూడా మొదలైంది. సబ్బు పెట్టెలు, టూత్‌పేస్టు పెట్టెలు, లోపల కాగితం కుక్కి గట్టిగా చేసినవి. పద్దెనిమిది నెలలకి మూడు నాలుగు పేర్చగలరంటారు. చిట్టి మూడు పెట్టి నాలుగోదాన్ని పెట్టకుండా చేత్తో కొట్టి పడగొడుతోంది. పడగొట్టడానికే పేరుస్తోంది. కట్టడం నా పని, కూల్చడం తన పని అని ఒప్పందం కుదిరింది.

ఆగస్టు 27, వినాయక చవితి

అందరికీ సెలవు. మా ఆవిడ పాలతాలికలకి పిండి ఉడికిస్తోంది. గ్లాసు నీళ్లు మరగనిచ్చి, చిటికెడు ఉప్పు, చెంచాడు నెయ్యి, గ్లాసు బియ్యప్పిండి పోసి మూతపెట్టి దించింది. గోరువెచ్చగా అయ్యాక మెత్తగా పిసికింది.

చపాతీ పిండి ఇద్దామని నెల నుంచి అనుకుంటున్నాను గానీ పచ్చిపిండి పిల్లల నోటికి మంచిది కాదని ఆగాను. ఉప్పు ఎక్కువ వేసి నిలవ ఉంచే ముద్దలు కూడా వద్దనుకున్నాను, ఉప్పు ముద్ద మింగితే పసిపిల్లకి అపాయం. ఇది ఉడికిన పిండి, దేవుడి నైవేద్యానికి చేసిన పిండి. కొరికినా భయం లేదు. పిడికెడు ముద్ద ఇంకో పళ్లెంలో పెట్టి, సగానికి బీట్‌రూట్ రసం కలిపి ఇచ్చాను.

చిట్టి మొదట చూపుడు వేలు గుచ్చింది. వేలు తీస్తే గుంట మిగిలింది. గుంటలో మళ్లీ వేలు పెట్టి చూసింది, సరిపోయింది. పక్కన ఇంకో గుంట. ఎర్రముద్ద మీద అయిదు గుంటలు, తెల్లముద్ద మీద రెండు. మా ఆవిడ అరచేతుల మధ్య తాలిక చేస్తుంటే తనూ రెండు అరచేతులూ కలిపి రుద్దింది. చేతుల్లో పిండి లేదు. మా ఆవిడ చిన్న ముద్ద అరచేతిలో పెట్టింది. రుద్దింది. తాలిక రాలేదు, ఏదో ఒక ఆకారం వచ్చింది. దాన్ని పట్టుకుని లేచి, హాలు దాటి, సోఫా పక్కన డబ్బా దగ్గరికి వెళ్లి చీలికలో కుక్కింది. చప్పుడు రాలేదు. మళ్లీ వచ్చి ఇంకో ముద్ద తీసుకెళ్లింది.

అమ్మాయి ఆపబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. అయిదు ముద్దలు వెళ్లాయి.

సాయంత్రం చీలికలో ఆరిన పిండి దబ్బనంతో గీకుతూ కూర్చున్నాను. చిట్టి పక్కనే కూర్చుని మందులు అయిపోయిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూత పట్టుకుంది. లాగడం లేదు. తిప్పుతోంది. ఎడమవైపు, మళ్లీ కుడివైపు. ఏ వైపుకి ఊడుతుందో తెలియదు, తిప్పాలని మాత్రం తెలుసు.

డబ్బా పక్కన పెట్టి లేచి వంటింట్లో వెతికాను. తిప్పి తీసే మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు మూడు దొరికాయి. ఊరగాయ జాడీ పింగాణీ, అది వద్దు. మూతల వ్యాసం 68, 52, 44. మూడూ పైపు మీద ఆగాయి. మరలు గరుకుగా ఉన్నాయి, రేపు ఎమరీ పట్టాలి.